వరంగల్‌లో లార్ప్ మొదలుపెడదామనుకుంటే: ఫోమ్ కత్తా, గది ఆటా, డైసా, స్టేజీయా?

హన్మకొండలో ఏ కాలేజీ గ్రౌండ్‌లోనైనా ఆదివారం పొద్దున పదిహేను మంది నడుముకు కండువాలు బిగించి, ఫోమ్ కత్తులు పట్టుకుని నిలబడండి. పది నిమిషాలు కాకముందే ఎవరో ఒకరు బండి ఆపి అడుగుతారు: "ఏం షూటింగన్నా? హీరో ఎవరు?" ఇంకో పది నిమిషాలకు చుట్టూ జనం, ప్రతి చేతిలో ఫోను. లార్ప్‌కు మన ఊళ్లో డబ్బుతోనో సామానుతోనో పెద్ద ఇబ్బంది లేదు. అసలు చిక్కు ఈ జనమే. ఎందుకంటే చూసేవాళ్లు లేకుండా ఆడితేనే అది లార్ప్.

లైవ్ యాక్షన్ రోల్ ప్లేయింగ్‌ను పొట్టిగా లార్ప్ అంటారు. ఆడేవాళ్లలో ప్రతి ఒక్కరికీ ఒక పాత్ర ఉంటుంది. ఆ పాత్రలాగే మాట్లాడాలి, బేరమాడాలి, అలగాలి, అవసరమైతే కొట్లాడాలి. రాసిపెట్టిన డైలాగులుండవు. కథ ఎటు తిరుగుతుందో దాన్ని తయారుచేసిన గేమ్ మాస్టర్‌కు కూడా సగమే తెలుసు. నాటకంలో మీరు ఏడిస్తే వెనక వరుసలో కూర్చున్నాయనకు కూడా వినబడాలి. లార్ప్‌లో ఎదురుగా నిలబడ్డ మనిషికి తెలిస్తే చాలు. మీ పక్కవాడికి తెలియకుండా కళ్లల్లో నీళ్లు ఆపుకున్నా అది కూడా ఆటే.

అందుకే "ఏది మొదలుపెట్టమంటావు?" అని ఎవరైనా అడిగితే నేను ముందు ఒకటే అడుగుతాను: మిమ్మల్ని ఎవరైనా చూడాలని ఉందా? ఉంటే అందులో తప్పేం లేదు, కానీ మీకు కావలసింది లార్ప్ కాకపోవచ్చు. స్టేజీ ఉంది, పాత్ర వేషం కట్టి ఫొటోలు దిగే కాస్‌ప్లే ఉంది. ఎవరూ చూడకపోయినా ఫర్వాలేదు, కాసేపు ఇంకో మనిషిగా బతికి చూడాలనుంటే, అప్పుడు లార్ప్‌లో ఏ రకమో తేల్చుకోవాలి. రకాలు చాలానే ఉన్నాయి. వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో కూర్చుని ఆడగలిగినవి మాత్రం రెండు మూడే.

రెండు పాయలు

1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చింది. బల్ల చుట్టూ కూర్చుని, డైస్ వేసి, నోటితో చెప్పుకుంటూ ఆడే ఆట అది. ఆ కాలంలోనే కొందరు బల్ల దగ్గర నుంచి లేచి బయటికి వచ్చారు. 1977లో వాషింగ్టన్ పరిసరాల్లో డాగోర్హిర్ అనే ఫోమ్ ఆయుధాల యుద్ధక్రీడ మొదలైంది. 1982లో ఇంగ్లాండ్‌లోని పెక్‌ఫోర్టన్ కోటలో ట్రెజర్ ట్రాప్ అనే ఆట నడిపారు. కత్తి, డాలు, మంత్రగాడు, నిధి వేట. లార్ప్ అనగానే యూట్యూబ్‌లో మనకు కనబడేది ఎక్కువగా ఈ పాయే.

రెండోది ఉత్తర ఐరోపా పాయ. నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశాల ఆటగాళ్లు 1997లో ఓస్లోలో ఒక సదస్సు పెట్టుకున్నారు. అప్పటి నుంచి అది ఆ నాలుగు దేశాల్లో వంతులవారీగా జరుగుతోంది. వీళ్ల ఆటల్లో గెలుపోటముల లెక్క తక్కువ. ఒక కుటుంబం ఆస్తి పంచుకోవడం, ఒక ఆసుపత్రిలో ఒక రాత్రి, ఒక ఊరు ఖాళీ కావడానికి ముందు రోజు వంటివి తీసుకుంటారు. కొన్ని ఆటలకు నాలుగు గోడలు, పది కుర్చీలు ఉంటే సరిపోతుంది.

మధ్యలో ఇంకో సంగతి. 1993లో అమెరికాలో రక్తపిశాచుల కథతో లార్ప్ నియమాల పుస్తకం ఒకటి వచ్చింది. అందులో కొట్లాట వస్తే ఒకరినొకరు తాకరు, రాయి-కాగితం-కత్తెర వేసి తేల్చుకుంటారు. అంటే కత్తుల కథ కావాలనుకున్నా ఫోమ్ కొనాల్సిన పనిలేదు. ఈ ఒక్క చిట్కా మనలాంటి ఊళ్లకు చాలా పనికొస్తుంది.

ఫోమ్ కత్తుల ఆట: చూడ్డానికి బాగుంటుంది, నడపడం కష్టం

వీడియోలు చూసి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇదే. ఏమేం కావాలో చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం.

బయటి దేశాల నుంచి వచ్చే లేటెక్స్ కత్తులు ఒక్కోటి వేలల్లో ఉంటాయి, మొదట్లోనే అవి వద్దు. అర అంగుళం పీవీసీ పైపు ఏ ప్లంబింగ్ షాపులోనైనా దొరుకుతుంది. దానిమీద తొడగడానికి ఏసీ మెకానిక్‌లు రాగి పైపులకు తొడిగే నల్లటి రబ్బరు ఫోమ్ గొట్టం సరిగ్గా సరిపోతుంది, ఏసీ స్పేర్ పార్టుల షాపులో అడగండి. అతికించడానికి చెప్పులు కుట్టేవాళ్లు వాడే రకం రబ్బరు గమ్, పైన గుడ్డ టేపు. అన్నీ కలిపి కత్తికి కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. డాలుకు పాత యోగా మ్యాట్ కత్తిరించుకోవచ్చు.

మొన దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. పైపు చివరకు మూత బిగించాలి, ఆ మూత దాటి కనీసం రెండంగుళాల దాకా ఉత్త ఫోమే ఉండాలి. ఇంట్లో చేసిన కత్తితో పొడవడం పూర్తిగా నిషేధించండి, అడ్డంగా కొట్టడం ఒక్కటే. తల, మెడ, తొడల మధ్య భాగం ఎవరూ ముట్టొద్దు. తయారైన కత్తితో ముందు మీ తొడమీద మీరే గట్టిగా కొట్టుకుని చూడండి. చర్మం చురుక్కుమంటే ఇంకో పొర చుట్టాలి.

ఆట లెక్క చాలా ఆటల్లో ఒకేలా ఉంటుంది. చేతికి తగిలితే ఆ చెయ్యి వెనక్కి పెట్టుకోవాలి, కాలికి తగిలితే మోకాలి మీద కూర్చోవాలి, నడుముకో ఛాతీకో తగిలితే చచ్చినట్టే. దెబ్బ తగిలిందని చెప్పాల్సింది తగిలించుకున్నవాడే, కొట్టినవాడు కాదు. మన వాళ్లకు ఇది కొంచెం కష్టం. గల్లీ క్రికెట్‌లో ఔటా కాదా అని అరగంట కొట్లాడే దోస్తులతో మొదలుపెడితే ఫోమ్ ఆట కూడా అట్లనే అవుతుంది. మొదటి నెలంతా కథ పక్కన పెట్టి, దెబ్బ ఒప్పుకోవడమే ప్రాక్టీసు చేయాలి.

ఇక స్థలం. ఖిలా వరంగల్‌లో ఆడదామనే ఆలోచన అందరికీ వస్తుంది. తోరణాల మధ్య కత్తి పట్టుకోవాలని ఎవరికి ఉండదు? కానీ అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, అనుమతి లేకుండా అక్కడ గుంపుగా కార్యక్రమం పెట్టడానికి వీల్లేదు. రామప్ప సంగతి చెప్పనే అక్కర్లేదు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన గుడి, పైగా పూజలు జరిగే గుడి. కరీంనగర్ వాళ్లు ఎల్గందుల కోట మీద ఆశ పెట్టుకున్నా ఇదే మాట. వేయిస్తంభాల గుడి మెట్ల మీద ఫొటో దిగండి, కత్తి మాత్రం ఇంట్లో పెట్టి రండి.

పబ్లిక్ గార్డెన్‌లో చూసే జనం ఆగరు. ఏటూరునాగారం అడవి అభయారణ్యం, అటవీశాఖను అడగకుండా అడుగు పెట్టొద్దు. ఇంకో మాట కుండబద్దలు కొట్టినట్టు చెబుతాను: ములుగు, భూపాలపల్లి అడవుల వైపు ఖాకీ, ఆలివ్ రంగు బట్టలేసుకుని బొమ్మ తుపాకులతో ఏ ఆటా ఆడొద్దు. ఆ అడవుల్లో నిజం తుపాకులు పేలిన జ్ఞాపకాలు ఊరూరా ఉన్నాయి. మీకది సరదా. దూరం నుంచి చూసేవాడికి అది సరదాగా కనబడదు.

మిగిలేది తెలిసినవాళ్ల మామిడి తోట. ధర్మసాగర్, హసన్‌పర్తి, వర్ధన్నపేట వైపు ఇటువంటి తోటలున్న చుట్టం ప్రతి గుంపులో ఒకరుంటారు. నవంబర్ మంచి నెల. పూత మొదలయ్యాక తోట గుత్తేదారు చేతికి పోతే కాపలా పడుతుంది, కొమ్మ విరిగితే గొడవ. ఎండాకాలం మాట ఎత్తొద్దు. 42 డిగ్రీలు దాటే ఎండలో కోటు, కవచం వేసుకుని పరిగెత్తితే పడేది వడదెబ్బే. వానాకాలంలో తోటలో పాములు, బురద. అంటే ఏడాదిలో మీకు దొరికేది మూడు నాలుగు నెలలు. సర్కారు బడి గ్రౌండ్ ఆదివారం పూట ఖాళీగా ఉంటుంది. హెడ్మాస్టరుకు కాగితం రాసిచ్చి అడిగితే కొందరు ఒప్పుకుంటారు, పిల్లలకు కాసేపు ఆడించి చూపిస్తామంటే ఇంకా తొందరగా ఒప్పుకుంటారు.

ఎక్కడ ఆడినా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ముందే ఒక మాట చెప్పి ఉంచడం మంచిది. ఇనుప కత్తులు, మొండివైనా సరే, తీసుకురావద్దు. నిజం కత్తులు 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తాయి, మొండిదో పదునుదో రోడ్డు మీద ఎవరూ కొలిచి చూడరు.

ఇన్ని చెప్పాక కూడా ఫోమే కావాలంటే, మీరు హాస్టల్ పిల్లలై ఉంటారు. వాళ్లకు ఇది నిజంగానే బాగా సరిపోతుంది. ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీ లాంటి చోట్ల ప్రహరీ లోపల గ్రౌండు ఉంటుంది, ఇరవై మంది ఒకే చోట ఉంటారు, అనుమతి అడగడానికి ఒక క్లబ్బో ఒక సారో ఉంటారు. ఉద్యోగం, సంసారం ఉన్నవాళ్లు నెలకోసారి ఇరవై మందిని తోట దాకా చేర్చడమే యుద్ధం.

గది ఆట: నా ఓటు దీనికే

ఎనిమిది నుంచి పన్నెండు మంది. అపార్ట్‌మెంటు కమ్యూనిటీ హాలు, లేకపోతే సోఫాలు గోడకు జరిపిన పెద్ద హాలు. మూడు గంటలు. తలుపు వేసుకుంటే చూసేవాళ్లు లేరు. మన ఊరికున్న మొదటి చిక్కు తలుపుతోనే తీరిపోయింది.

పని చేసే తీరు ఇది. ప్రతి పాత్రకూ ఒక పేజీ కాగితం: నేనెవరు, నాకేం కావాలి, నేనేం దాస్తున్నాను, ఈ గదిలో ఎవరెవరు నాకు తెలుసు. ఇరవై నిమిషాలు నియమాలు చెప్పడం, రెండు గంటలు ఆట, చివర అరగంట కూర్చుని మాట్లాడుకోవడం. ఇంగ్లిష్‌లో ఇలాంటి తయారు ఆటలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చాలా దొరుకుతాయి, తెలుగు చేసుకుని వాడుకోవచ్చు. కానీ మన దగ్గర దొరికే కథలు వదిలి వాళ్ల కోటలు, వాళ్ల విందులు ఎందుకు?

ఉదాహరణకు 1310 తీసుకోండి. మట్టికోట బయట ఢిల్లీ సుల్తాన్ సేనాపతి మాలిక్ కాఫర్ సేన. లోపల ప్రతాపరుద్రుడి కొలువు. లొంగి సొమ్ము కట్టాలా, ఇంకో నెల తట్టుకోవాలా? గదిలో పది మంది: రాజు, ఇద్దరు నాయకులు, ఖజానా చూసే అధికారి, మోటుపల్లి రేవు నుంచి వచ్చి చిక్కుకుపోయిన వర్తకుడు, గుడి పూజారి, ఏనుగుల శాల పెద్ద, కోట బయట ఊరు కాలిపోయి లోపలికి వచ్చిన రైతు, రాయబారి, అంతఃపురం తరఫున మాట్లాడే పెద్దావిడ. నాయకుల్లో ఒకడు బయట సేనతో అప్పటికే మాట కలిపాడు. వర్తకుడికి కోట నిలవడం కన్నా తన గుర్రాల బాకీ ముఖ్యం. ఏనుగులు ఎన్ని తిండిలేక పడిపోయాయో శాల పెద్ద రాజుకు చెప్పలేదు. చరిత్రలో ప్రతాపరుద్రుడు సంధి చేసుకుని ధనం, ఏనుగులు, గుర్రాలు ఇచ్చి పంపాడు. మీ గదిలో అట్లనే కావాలని లేదు. చరిత్ర మారితే మారనివ్వండి, గేమ్ మాస్టర్ అడ్డుపడొద్దు.

పాత్రలు రాసేటప్పుడు రెండు సంగతులు కచ్చితంగా చూసుకోండి. ప్రతి పాత్రకూ కనీసం ముగ్గురితో పని ఉండాలి: ఒకరితో అప్పు, ఒకరితో పగ, ఒకరితో చుట్టరికం, ఏదైనా. లేకపోతే ఆ మనిషి మూలన కూర్చుని ఫోను తీస్తాడు. రెండోది, ప్రతి రహస్యం ఇద్దరికైనా తెలిసి ఉండాలి. ఒక్కడికే తెలిసిన రహస్యం ఆ ఒక్కడి కడుపులోనే ఉండిపోతుంది. ఇద్దరికి తెలిస్తే బేరం మొదలవుతుంది, బెదిరింపు మొదలవుతుంది, అంటే ఆట మొదలవుతుంది.

భాష దగ్గర చాలామంది బిగుసుకుపోతారు. రాజు పాత్ర అనగానే పౌరాణిక సినిమా గొంతు వచ్చేస్తుంది, ఐదు నిమిషాలకు డైలాగులు అయిపోతాయి, ఆ తర్వాత నవ్వు, ఆట చెడుతుంది. నేనైతే ముందే చెబుతాను: మీ ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి. "ఏమంటరు మీరు? కడదామా, కొట్లాడుదామా?" అని ప్రతాపరుద్రుడు అడిగితే కోట కూలిపోదు. మర్యాద మాటల దగ్గర ఇంకో ఇబ్బంది. ఆటలో మీ మేనమామ కాపలావాడు, మీరు మంత్రి. "ఇటు రారా" అనడానికి నోరు రాదు, అన్నా ఆయనకు లోపల ఎక్కడో గుచ్చుకోవచ్చు. చుట్టాలు కలిసి ఆడేటప్పుడు పెద్దవాళ్లకు పెద్ద పాత్రలే ఇవ్వండి, లేదా అందరూ పదవి పేరుతో పిలుచుకునేలా పెట్టండి: "శాల పెద్దా", "వర్తకుడా". దోస్తుల మధ్య ఈ బాధ లేదు.

ఆడవాళ్లు ఉన్న గుంపు అయితే పాత్రలను మగ, ఆడ అని విడదీసి రాయొద్దు. రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనబడే నేల మనది. నాయకుడి కాగితం ఎవరికి వస్తే వాళ్లే నాయకుడు. పగటి పూటే పెట్టుకుంటే ఇంటికి చేరే చింత ఎవరికీ ఉండదు, అమ్మానాన్నలకు చెప్పడమూ తేలిక.

ఇక ఆపే మాట. పాత్రలో ఉండి "ఆపు", "వద్దు" అనడం ఆటలో భాగం కావచ్చు, కాబట్టి నిజంగా ఆపాలంటే వేరే మాట ఉండాలి. ఉత్తర ఐరోపా ఆటల్లో ఒకటి పూర్తిగా ఆపడానికి, ఇంకొకటి నెమ్మదించడానికి పెట్టుకుంటారు. మనకు "కట్" చక్కగా పనిచేస్తుంది, అది వినగానే నిలబడిపోవడం మన రక్తంలోనే ఉంది. తల మీద చెయ్యి పెట్టుకుంటే "ఇప్పుడు మాట్లాడుతున్నది నేను, నా పాత్ర కాదు" అని గుర్తు. తాకడం గురించి ముందే తేల్చుకోండి: భుజం మీద చెయ్యి సరేనా, చెయ్యి పట్టి లాగడం సరేనా. తేల్చుకోకపోతే తాకొద్దు, అంతే.

చివరి అరగంట తీసేయాలని అందరికీ అనిపిస్తుంది, ఆకలవుతుంది కాబట్టి. తీయొద్దు. ఆటలో మోసపోయిన మనిషికి నిజంగానే కొంచెం కోపం మిగులుతుంది, ప్రేమ పాత్రలాడినవాళ్లకు కొంచెం మొహమాటం మిగులుతుంది. ఆటగాళ్లు దీన్ని బ్లీడ్ అంటారు. పాత్ర కాగితం మడిచి ఇచ్చేసి, "నా పాత్ర నిన్ను అమ్మేసింది గానీ, నువ్వు ఏనుగుల దగ్గర అట్ల దొరకబుచ్చుకోవడం మాత్రం బాగుంది" అని ఎదురుగా చెప్పుకుంటే అక్కడికక్కడే దిగిపోతుంది. చెప్పుకోకపోతే సోమవారం ఆఫీసులో కనబడుతుంది.

ఖర్చు ఎంత? కాగితాలు, జిరాక్సు, చాయ్, మిర్చీలు. బట్టలు ఇంట్లోవే: పంచె, కండువా, అమ్మమ్మ పట్టుచీర. మరీ కావాలంటే బడి వార్షికోత్సవాలకు వేషాలు కిరాయికిచ్చే షాపులున్నాయి, కిరీటం అక్కడ తెచ్చుకోండి. ఒక్క కిరీటం చాలు, పది తెస్తే ఫ్యాన్సీ డ్రెస్ పోటీ అవుతుంది.

గది ఆటకున్న లోటు కూడా చెప్పాలి. కథ ఒకసారి తెలిశాక మళ్లీ అదే గుంపుతో ఆడలేరు. అంటే ప్రతిసారీ ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. గుంపులో రాసే మనిషి ఒక్కరే ఉంటే నాలుగు ఆటలకు అలిసిపోతారు. రాసే వంతు తిరగాలని మొదటి రోజే ఒప్పుకోండి.

డైస్ ఆట: నలుగురే ఉంటే

మంచిర్యాలలోనో జగిత్యాలలోనో ఉండి, ఇటువంటి పిచ్చి ఉన్నవాళ్లు ఊరంతా వెతికినా నలుగురే దొరికితే, లార్ప్ కన్నా బల్ల మీద ఆటే నయం. ఒకరు డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఈ ఆటలో గేమ్ మాస్టర్), ముగ్గురు ఆటగాళ్లు సరిపోతారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రాథమిక నియమాలు ఉచితంగానే దొరుకుతాయి. నాలుగు ముఖాల నుంచి ఇరవై ముఖాల దాకా ఉండే ఏడు డైస్‌ల సెట్టు కొన్ని వందల్లో ఆన్‌లైన్‌లో వస్తుంది, అదీ వద్దనుకుంటే ఫోన్‌లో యాప్ ఉంది. వీడియో కాల్ మీద కూడా ఆడొచ్చు కాబట్టి, హైదరాబాద్‌లో ఉన్న దోస్తు, దుబాయ్‌లో ఉన్న తమ్ముడు కూడా కూర్చుంటారు. ఉత్తర తెలంగాణలో ఇది చిన్న సౌకర్యం కాదు.

కథ నెలలు, ఏళ్లు సాగుతుంది. సిగ్గుపడేవాళ్లకు సుఖం: "నా పాత్ర ఇట్ల అంటాడు" అని చెప్పినా చాలు, నటించక్కర్లేదు. కానీ ఒళ్లు కదలదు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగికి సెలవు రోజు కూడా కుర్చీలోనే గడుస్తుంది. నియమాల పుస్తకం చదివే ఓపిక ఒక్కరికైనా ఉండాలి, ఆ ఒక్కరు ఇంగ్లిష్ చదివి మిగతావాళ్లకు తెలుగులో చెప్పాలి. నా లెక్కలో ఇది లార్ప్‌కు మంచి బడి. ఇక్కడ గేమ్ మాస్టర్‌గా తేలినవాళ్లు గది ఆట రాయడానికి భయపడరు.

చూసేవాళ్లు కావాలనుకుంటే

కాస్‌ప్లే గురించి పెద్దగా చెప్పేది లేదు. నెలలపాటు వేషం కుట్టుకుని, రంగులేసుకుని, ఒక రోజు ఫొటోలు దిగడం. ఏటా హైదరాబాద్‌లో జరిగే కామిక్ కాన్ దాకా పోవాలి, ఖర్చు వేలల్లో. చేతిపని ఇష్టమున్నవాళ్లకు దీనికి మించింది లేదు. పాత్రగా మాట్లాడాలనుకునేవాళ్లకు మాత్రం ఆకలి తీరదు.

నాటకం సంగతి వేరు. హన్మకొండలో 2024లో కాళోజీ కళాక్షేత్రం తెరిచారు. అంతకుముందు నుంచే పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ పేరుతో ప్రాంగణం ఉంది. ఒక్క గొంతుతో వంద గొంతులు పలికించిన ఆ మనిషి ఇక్కడి మట్టెవాడలో పుట్టినవాడే. నాటక బృందంలో చేరితే గొంతు, నడక, నిలబడటం నేర్పుతారు. లార్ప్‌లో ఇవి ఎవరూ నేర్పరు. బదులుగా సాయంత్రాలన్నీ రిహార్సల్‌కు ఇవ్వాలి, డైరెక్టర్ చెప్పినట్టు వినాలి, మొదటి ఏడాది మీకు దొరికేది భటుడి వేషమే కావచ్చు. చప్పట్లు కావాలంటే ఇది కట్టాల్సిన ధరే.

చిందు యక్షగానం, ఒగ్గుకథ లాంటివి "హాబీగా" చేద్దామా అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ వచ్చాక ఈ ప్రశ్న ఎక్కువైంది. అది తరతరాలుగా ఒక సమూహం మోస్తున్న కళ, బతుకుతెరువు. నేర్చుకోవాలనుంటే గురువు దగ్గర కూర్చుని, ఫీజు కట్టి, ఏళ్లు పెట్టండి. తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ల జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది, దారి అడగడానికి అది మంచి చోటు. వాళ్ల కిరీటం, భుజకీర్తులు తెచ్చుకుని వారాంతపు ఆటలో వేసుకోవడం మాత్రం నాకు నచ్చదు. ఆదిలాబాద్ గుస్సాడీ తలపాగా కూడా అంతే. గోండుల దండారీ పండుగలో అది దీక్ష, కాస్ట్యూమ్ కాదు. సమ్మక్క సారలమ్మల కథను ఆటగా రాయాలనే ఉత్సాహం కూడా కొందరికి వస్తుంది. కోట్ల మంది బంగారం (బెల్లం) మోసుకెళ్లి మొక్కే తల్లుల పాత్ర కాగితం మీద "నీ రహస్యం ఇది" అని ఎవరు రాస్తారు? కాకతీయ కొలువులో కావలసినన్ని కథలున్నాయి, అక్కడే ఆగండి.

కొట్లాట మాత్రమే కావాలి, కథ అక్కర్లేదనుకుంటే, కర్రసాము నేర్పే గురువును వెతకండి, లేదా కరాటే. ఫోమ్ కన్నా ఒళ్లు బాగుపడుతుంది.

మరి మీకేది

హాస్టల్‌లో ఉన్నారు, ఇరవై మంది దోస్తులు, గ్రౌండ్ ఉంది: ఫోమ్ మొదలుపెట్టండి, నవంబర్ దాకా ఆగి. ఈలోపు కత్తులు చేసుకోండి. హన్మకొండలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఆదివారం మధ్యాహ్నం మాత్రమే ఖాళీ అయితే గది ఆట, రెండు నెలలకోసారి. ఊళ్లో తోడు లేదు, రాత్రి పదికి పిల్లలు పడుకున్నాక ఖాళీ అయితే వీడియో కాల్ మీద డైస్. చప్పట్లు వినకపోతే నిద్ర పట్టదంటే నాటకం. పిల్లలతో కలిసి ఆడాలనుకునే తల్లిదండ్రులకు ఫోమ్ కత్తులు, రాయి-కాగితం-కత్తెర కలిపి ఇంటి వెనక ఒక గంట చాలు. పన్నెండేళ్ల లోపువాళ్లకు ద్రోహం, పగ ఉన్న గది ఆటలు వద్దు. ఆట అయిపోయిందని వాళ్లు అంత తొందరగా నమ్మరు.

మీ దోస్తులకు ఇది పడుతుందో లేదో తెలియకపోతే, ఒక రాత్రి మాఫియా ఆడించి చూడండి, గుంపులో దాక్కున్న దొంగలెవరో మాటలతోనే కనిపెట్టే ఆట. 1986లో మాస్కోలో ఒక మనస్తత్వశాస్త్ర విద్యార్థి తయారుచేసిన ఆట ఇది. మన కాలేజీ టూర్ బస్సుల్లో అందరూ ఆడిందే. చీటీలు తప్ప ఏమీ అక్కర్లేదు. అందులో అబద్ధం చెప్పి నిలబడటం ఎవరికి సరదాగా ఉందో, దొరికిపోయినా ఎవరు నవ్వుతున్నారో, ఎవరు నిజంగా మొహం మాడ్చుకున్నారో గమనించండి. మొదటి రెండు రకాలవాళ్లను పిలవండి. మూడో రకం మనిషిని గేమ్ మాస్టర్ పక్కన సాయంగా పెట్టుకోండి, చాలాసార్లు వాళ్లే మంచి రాతగాళ్లవుతారు.

తారీఖు ఖాయం చేసేటప్పుడు పెళ్లి ముహూర్తాల క్యాలెండర్ చూడండి, మాఘమాసంలో ఎవరూ దొరకరు. పది మంది వస్తామంటే ఎనిమిది మందే వస్తారని ముందే లెక్క వేసుకుని, తీసేసినా కథ చెడని పాత్రలు రెండు రాసి ఉంచుకోండి. పైన చెప్పిన 1310 ఆటలో అయితే పూజారినీ, ఏనుగుల శాల పెద్దనూ తీసేయొచ్చు. శాల పెద్ద రహస్యాన్ని ఖజానా అధికారి కాగితంలో కూడా ముందే రాసి పెట్టండి, అప్పుడు ఆ మనిషి రాకపోయినా ఏనుగుల మాట గదిలోకి వస్తుంది.